నుమాయిష్‌ల సముద్రం

కాళ్లు గుంజుతున్నయి. ముందుగాల గదే చెప్తా, ఎందుకంటే ఈ ముచ్చటంతా నేను నిలబడి చూసిందే, కూసొని చూసింది ఇసుమంత లేదు. ఏటా జనవరి వస్తే నాంపల్లి నుమాయిష్‌ల, గదే ఎగ్జిబిషన్ల, ఏదో ఒక స్టాల్ల నాకు పని దొరుకుతది. ఓ ఏడు కశ్మీర్ శాలువలు మడత పెట్టిన. ఓ ఏడు ఆవకాయ జాడీలు తుడిచిన. ఈ ఏడు సముద్రాన్ని చూసుకునే పని దొరికింది.

నవ్వకున్రి. నిజంగనే సముద్రం. రెండు పెద్ద అద్దాల తొట్లు, వాటి నిండ చినరేవు అనే ఊరికెల్లి డ్రమ్ముల్ల తెచ్చిన ఉప్పునీళ్లు. ఒక తొట్టిల ఉత్త నీళ్లే. ఇంకోదాంట్ల ఆలిచిప్పలు. ఆకుపచ్చ అంచులతోని, ఒకదాన్నొకటి కరుచుకొని గుత్తులు గుత్తులుగ ఉంటయి. దినాం స్టాలు తెరవంగనే రెండిట్ల ఒకే తీరు పాచిపట్టిన పచ్చనీళ్లు కలుపుతం. దీపాలు పెట్టే యాళ్లకు చిప్పలున్న తొట్టి తేటగయితది, వెనక గోడ మీద రాసింది చదువుకునేటంత. ఉత్త నీళ్ల తొట్టి మాత్రం గట్లనే పచ్చగ ఉంటది. చిప్పలు నోరు తెరిసి మురికి మింగి మంచినీళ్లు వదుల్తయట. గంతే తమాషా.

తొట్లు పెట్టింది దేవప్రసాద్ సారు. కాలేజీల పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైండు. ఆబిడ్స్‌ల చాపెల్ రోడ్డు మీద ఇల్లు. మనిషి మెత్తన, గొంతు మెత్తన, నడక ఇంకింత మెత్తన. పుట్టింది చినరేవుల. ఆయన భార్య డోరమ్మది కూడ ఆ ఊరే, వాళ్లది చేపలు పట్టే ఇల్లు. ఆమెకు మాత్రం గొంతు బాగనే ఉంది.

చినరేవంటే సముద్రం ఊర్లకు చొచ్చుకొచ్చిన జాగ. మూడు దిక్కుల ఊరు, ఒక దిక్కు సముద్రం. ఊరి మోరీలన్నీ అందులకే, ఫ్యాక్టరీల నీళ్లు అందులకే, పడవల నూనె అందులకే. ఎన్ని దినాలని ఓర్సుకుంటయి ఆ నీళ్లు మాత్రం? ఒక మూల నల్లగై వాసనొస్తున్నయట. అయితే ఊరి పెద్దలు ఏమన్నరంటే, ఆ మూల ఎట్లయినా సచ్చిపోయింది, మట్టి పోసి కంటైనర్లు పెట్టుకునే యార్డు చేద్దాం అన్నరట. సావలేదు, జబ్బు పడ్డది, గంతే అంటడు సారు. ఒక్క సీజను నీళ్లల్ల తాళ్లు కట్టి, తాళ్లకు చిప్పలు పెంచనియ్యిన్రి, నీళ్లు అవే కోలుకుంటయి, కోలుకుంటే మట్టి పోసుడు ఆపున్రి అని అందరి చుట్టు తిరిగిండు. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఎవ్వరు వినలే. ఆఖరికి హైదరాబాద్ల ఒక ట్రస్టోళ్లు సరే, మా మేడం వచ్చి చూస్తది అన్నరు. మేడం పేరు హైందవి. నుమాయిష్‌ల చివరి ఆదివారం వస్తది. ఆమె ఔనంటే చినరేవుకు తాళ్లు. కాదంటే మట్టి. గీ సంగతి సారు నాకు మొదటిదినమే చెప్పిండు, జీతం ముచ్చట కంటే ముందుగాల.

మా స్టాలు ఏడ ఇచ్చిన్రో చెప్పనా? బాత్రూముల పక్కకు. ఒక దిక్కు పరుపులోడు, ఒక దిక్కు బాత్రూములు, నడుమ సముద్రం. వచ్చినోళ్లంతా లోపలికి తల పెట్టి "అక్కా, లేడీస్ ఏ దిక్కు?" అంటరు. లేకుంటే "ఇవి తింటరా? ఫ్రై చేస్తరా?" అంటరు. సారు పాపం ప్రతోనికి మొదటికెల్లి చెప్తడు. వాడు మిర్చిబజ్జి నములుకుంట వింటడు, నూనె చెయ్యి అద్దానికి తుడిచి పోతడు. చెవిటోని ముందర శంఖం ఊదినట్టే. ఆ అద్దం తుడిచేది నేను. జెయింట్ వీల్ కాడ జనం తొక్కిసలాడుతుంటే మా కాడ ఈగలు కూడ రాకపాయె. సారు మొఖం దినదినం ఎండిన బెండకాయ లెక్క అయితుండె.

"ఏవండీ, ఇంటికి పోదాం. ఎవరి కోసం ఈ గొంతు నొప్పి?" అంటుండె డోరమ్మ.

"ఆదివారం దాకా, డోరా" అంటుండె సారు. గదొక్కటే మాట.

గట్లుండంగ ఒకనాడు పూలమ్మ అనే ముసలమ్మ వచ్చింది. కామారెడ్డి దిక్కుకెల్లి మనుమరాలితోని వచ్చిందట. బాత్రూముకని వచ్చి, కాళ్లు నొస్తున్నయని మా స్టాల్ల కుర్చీల కూలబడ్డది. కూలబడనియ్, నాకేం పోయింది! ఏమో చూస్తుందనుకున్న. చూస్తా చూస్తా ఉంది. దీపాలు పెట్టిన్రు. పచ్చగున్న తొట్టి మెల్లమెల్లగ తేటగయింది. ముసలమ్మ లేసి నిలబడ్డది.

"ఏ నీళ్లు బిడ్డా ఇవి?"

"సముద్రం నీళ్లు అవ్వా."

"నిజంగ? నేను ఈ జన్మల సముద్రం చూడలే. గంగమ్మ తల్లే! మురికి ఎవ్వలు తీసిన్రు? అదే తీసుకుంది గద!" అని రెండు చేతులు జోడించింది. రైక సందుకెల్లి చిన్న సంచి తీసి, దాంట్లకెల్లి ఒక పైసల బిళ్ల తీసి కండ్లకు అద్దుకొని తొట్టిల ఏసింది. టుప్పుమని మునిగింది.

ఇగ సూడున్రి. ఎనక బాత్రూము లైన్ల నిలబడ్డ ఆడోళ్లంతా "ఏందది, ఏందది" అని లోపలికొచ్చిన్రు. పూలమ్మ చెప్పింది. సారు ఇన్ని దినాలు గొంతు సించుకొని చెప్పంది ఆ ముసల్ది ఒక్క ముక్కల చెప్పింది: "సముద్రం గిదే, మొక్కుకొని పోన్రి." తెల్లారి లైను మా స్టాలుకే. పరుపులోడు కూడ వచ్చి మొక్కిండు. ఎవరో బంతిపూలు తెచ్చిన్రు, ఎవరో పసుపు తెస్తే నేను చెయ్యి పట్టుకొని ఆపిన. బిళ్లలు మాత్రం ఎంత మందినని ఆపుత? రైలు గోదావరి దాటుతుంటే కిటికీకెల్లి బిళ్లలు ఏసే జాతి మనది. నీళ్లు కనబడితే చెయ్యి జేబులకు దానంతటదే పోతది.

సారుకు మొదలు ఇబ్బందైంది. ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి, పైంగ సైన్సు చెప్పిన మనిషి. "మహిమ కాదమ్మా, చిప్పలు చేసే పని ఇది" అని లైన్ల ఉన్నోళ్లకు చెప్తుండె. వాళ్లు "ఔ సార్, ఔ సార్" అనుకుంటనే దండం పెడుతుండిరి. అయితే ఒకటి చెప్పాలె. దండం పెట్టినోళ్లే నిలబడి వింటుండిరి కూడ. చినరేవు ఏడుంది, నీళ్లు ఎందుకు పాడైనయి, మట్టి ఎవరు పోస్తరు అని అడుగుతుండిరి. ఒకామె "అయ్యో, గంగమ్మ మీద మట్టి పోస్తరా, పాపం తగుల్తది" అని కండ్లు తుడుచుకుంది. సారు మొఖం మల్ల పచ్చగైంది.

"బిళ్లలతో చిప్పలకేమైనా అవుతుందా?" అని డోరమ్మ అడిగింది ఒకసారి.

"రూపాయి, రెండు రూపాయలు స్టీలువి. ఏం కాదు. రోజూ సాయంత్రం రాణి తీసేస్తుందిగా" అన్నడు.

నేను జల్లెడతోని తీస్తున్న మాట నిజమే. పైకి కనబడ్డయి తీస్తున్న. గుత్తుల సందుల ఇరుక్కున్నయి, అడుగున ఇసుకల దిగినయి ఎట్ల కనబడ్తయి? తీసినయి ఒక డబ్బాల ఏస్తున్న. ఆ డబ్బా చూసి నాకే కోపమొస్తుండె. అన్నీ పది రూపాల బిళ్లలే! ఈ ఊర్ల పది రూపాల బిళ్ల ఎవడు తీసుకుంటడు? కిరాణం కాడ ఇయ్యపోతే చెల్లదంటడు, ఆటోవాడు మొఖం మీద కొడ్తడు, కండక్టరు నోటియ్యమంటడు. సర్కారు చెల్లుతదని ఎన్నిమార్లు మొత్తుకున్నా మనోళ్లు వినరు. అందరిండ్లల్ల డబ్బాల మూలకు పడి ఉంటయి అవి. ఇప్పుడు దేవుడు దొరికిండు. ఎవ్వరికి చెల్లంది దేవునికి చెల్లుతది గద! నాకొక టీకి కూడ పనికి రాలే ఆ డబ్బా. గది సారుకు చెప్పాలని నాకు తోచలే. చెప్పి ఏంజేస్తం, చిల్లర ముచ్చట అనుకున్న.

ఇగ ఆదివారం వచ్చింది.

పొద్దుగాల గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు డోరమ్మ తమ్ముడు సామ్ సుందర్ నాంపల్లి స్టేషన్ల దిగిండు. మేడంకు చూపెట్టాలని చినరేవుల ఒక తాడుకు పెంచిన చిప్పలు తడి గోనెసంచుల చుట్టి తెచ్చిండు. నలుగురం ఆ సంచి మోసుకొని స్టాలుకొచ్చినం. షట్టర్ లేపంగనే వాసన. సచ్చిన ఎలక వాసన కాదు, చేపల మార్కెట్ వాసన కాదు, ఇంకో తీరు. తొట్టిల నీళ్లు పాల లెక్క ఉన్నయి. చిప్పలన్నీ నోర్లు తెరిసి ఉన్నయి. బతికున్న చిప్ప నోరు కాడ ఏలు పెడితే టక్కున మూసుకుంటది. సారు ఒక్కొక్కదానికి ఏలు పెట్టిండు. మూసుకోలే. ఇంకోదానికి పెట్టిండు. మూసుకోలే.

మోచేతి దాంక చెయ్యి నీళ్లల్ల పెట్టి ఒక గుత్తిని చీల్చిండు సారు. నడుమకెల్లి పది రూపాల బిళ్లలు రాలినయి. అంచుల ఇత్తడి మీద పచ్చగ చిలుం పట్టింది.

"ఇవి పది రూపాయలవా?" అన్నడు.

"ఔ సార్. అన్నీ అవే."

"రాణీ, వీటిలో రాగి ఉంటుంది. ఉప్పునీళ్లలో కరుగుతుంది. చిప్పలకు అంతకంటే విషం లేదు. అందరూ పదులే ఎందుకు వేశారు?"

"బయట ఎవ్వడు తీసుకోడు గద సార్" అన్న. అన్నంక నా నోరు నాకే చేదైంది. డబ్బా తీసి ముందర పెట్టిన. దినాం అన్నీ చూసుకుంటుండె గానీ, ఆ డబ్బా మూత మాత్రం ఒక్కనాడు తీయలే సారు. నేను చూసిన గానీ, రాగని నాకేం ఎరుక? భక్తి ఎక్కువై దేవున్నే మింగినట్టయింది. ఏడుపొచ్చింది నాకు. సచ్చినోళ్లకు కూడ గంత ఏడ్వలే నేను, ఉత్త చిప్పలకు ఏడ్చిన.

సారు స్టూలు మీద కూసున్నడు. డోరమ్మ గోనెసంచి దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.

"సామ్, తొట్టి ఖాళీ చెయ్యి. రాణీ, కొత్త నీళ్ల డ్రమ్ము తీయి. తమ్ముడు తెచ్చినవి వేద్దాం. సాయంత్రానికి తేటపడుతుంది" అన్నది.

"వద్దు డోరా. అది మోసం" అన్నడు సారు.

"మోసమా? చిప్పలు అవే చిప్పలు, రేవు అదే రేవు, చేసే పని అదే పని. చచ్చింది మీ శాస్త్రం తప్పయి కాదు, జనం చిల్లర వేసి. ఈ ఒక్క పూట గడిస్తే మా వాళ్ల రేవు నిలుస్తుంది. మీ నిజాయితీ కోసం మా ఊరంతా మట్టిలో కలవాలా?"

"బావగారూ, అక్క చెప్పింది నిజం. ఇంకో అవకాశం లేదు" అన్నడు సామ్ సుందర్.

సారు కండ్లు మూసుకున్నడు. అలిసిపోయిన మనిషి ఔననుడు ఎట్లుంటదో నాకు ఎరుక, మా ఇంట్ల గూడ చూసిన. తల ఇంత వంగింది. గంతే. మేము ముగ్గురం సచ్చినయన్నీ సంచిల నింపినం, తొట్టి కడిగినం, కొత్త చిప్పలు ఏసి దినాం లెక్కనే రెండిట్ల పచ్చనీళ్లు కలిపినం. బిళ్లలు ఏయద్దని అట్ట మీద రాసి కట్టినం. నడుము పట్టేసింది. నేను కడుగుకుంట యేసయ్యకు మొక్కిన, ఎల్లమ్మకు మొక్కిన, ఇద్దరిల ఎవరు ఖాళీగుంటే వాళ్లు చూసుకుంటరని.

దీపాలు పెట్టే యాళ్లకు మేడం వచ్చింది. చిన్న వయసు, కాటన్ చీర, మర్యాద గల మనిషి. కూసొమ్మంటే కూసోలే, నిలబడే చూసింది. రెండు తొట్లు పక్కపక్కకు చూసింది. ఒకటి పచ్చ, ఒకటి తేట. సారు మొదటికెల్లి చెప్పిండు. మేడం మొఖంల వెలుగొచ్చింది.

"సార్, ఇంత స్పష్టంగ ఉంటదనుకోలే. బోర్డుకు నేను చెప్త. ఒక సీజన్‌కి తాళ్లు కడ్దాం. ఇది మాత్రం ఆగొద్దు" అన్నది.

డోరమ్మ నా చెయ్యి పట్టుకొని గట్టిగ ఒత్తింది. నేను ఊపిరి పీల్చుకున్న. అయిపోయింది, గెలిచినం అనుకున్న.

పోయేటామె పోవద్దా? తొట్టి దిక్కు తిరిగి చూసింది. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ నీళ్లు కనబడితే ఉత్త చేతుల్తోని దాటనియ్యకపోయేదట. గది చెప్పుకుంట పర్సు తెరిసి "ఇది తప్ప ఇంకేం చిల్లర లేదు, ఎవరూ తీసుకోరు కూడ" అని నవ్వింది. అట్ట మీద రాసింది ఆమెకు ఏడ కనబడ్డది! చేతుల పది రూపాల బిళ్ల.

సార్ ఊకుంటే అయిపోవు. ఒక్క బిళ్ల పడితే కొంపలు మునుగుతయా? ఆమె గేటు దాటంగనే నేనే తీసేద్దును. గానీ సారు "వద్దూ!" అని ఒక్క అరుపు అరిసిండు. గా మెత్తటి మనిషి గంత అరుపు ఏడ దాసుకున్నడో ఏమో, పరుపులోడు ఉరికొచ్చిండు. సారు చెయ్యి అడ్డం పెట్టిండు. బిళ్ల ఆయన అరచేతుల పడ్డది.

"ఎందుకు సార్?" అన్నది మేడం, బిత్తరపోయి.

సారు చెప్పిండు. రాగి ముచ్చట చెప్పిండు. లైన్ల నిలబడి మొక్కినోళ్ల ముచ్చట చెప్పిండు. గంతటితోని ఆగితే అయిపోవు, ఆగడే! పొద్దుగాల సచ్చినయని, ఇవి మార్చి పెట్టినయని, అది కూడ చెప్పిండు. డోరమ్మ కింద కూలబడ్డది. నాకు సారును పట్టి ఊపాలన్నంత కోపమొచ్చింది. ఏం మనిషివయ్యా, నోట్లకొచ్చిన ముద్ద ఉమ్ముకుంటివి గదా!

మేడం కోపం చేయలే. కోపం చేసినా బాగుండు.

"మీరు నిజం చెప్పిన్రు సార్, దానికి దండం పెడ్త" అన్నది. "కానీ నేను బోర్డుకు ఏమని చెప్పాలె? వారం దినాలు జనం ప్రేమతోని ఏసిన చిల్లరకే చచ్చిపోయినయని చెప్పాలె. అక్కడ ఫ్యాక్టరీల నీళ్లున్నయి, నూనె ఉంది, ఊరి మోరీ ఉంది. అవి వదిలేటోళ్లకు ప్రేమ కూడ లేదు. అండ్ల ఇవి ఎట్ల బతుకుతయి?"

"తొట్టి చిన్నదమ్మా, రేవు పెద్దది. అక్కడ అలలున్నాయి, ఆటుపోట్లున్నాయి. ఇన్నేళ్ల నుంచి అక్కడ బతుకుతూనే ఉన్నాయి" అన్నడు సారు.

"ఉన్నయి సార్. మీరు మార్చి పెట్టినయి చూసి నేను ఔనన్న, అదే బోర్డోళ్లు అడుగుతరు. సారీ" అన్నది. పోయింది. పోతా పోతా పర్సు జిప్పు ఏసుకున్న సప్పుడు ఇనబడ్డది.

బయట లైన్ల జనం ఇంక ఉన్నరు. ఇయ్యాల చివరిదినం గద, పిల్లల్ని ఎత్తుకొని వచ్చిన్రు. "దర్శనం అయితదా అక్కా?" అని ఒకామె అడిగింది. కాదని ఎట్ల చెప్పాలె? రమ్మని ఎట్ల పిలవాలె? బిళ్లలు బయటనే పెట్టి రాన్రి అన్న. వాళ్లంతా జోలె తీరుగ కొంగులు పట్టుకొని చూసి పోయిన్రు. సారు ఒక్కొక్కరికి మొదటికెల్లి చెప్పిండు, మల్ల అదే మెత్తటి గొంతుతోని. డోరమ్మ ఇంక లేవలే. సామ్ సుందర్ బయటికి పోయి ఫోన్ల చినరేవోళ్లకు చెప్పిండు. ఏమన్నరో ఆయన మాకు చెప్పలే, మేము అడగలే.

మైదానం ఖాళీ అయినంక తొట్ల నీళ్లు బకెట్లకు తోడుతున్నం. చిప్పలు తడి గోనెల చుట్టి రేపటి రైలుకు సామ్ సుందర్ తోని పంపుదామన్నడు సారు. నాకు ఊకుండబుద్ధి కాలే.

"వచ్చే ఏడు మల్ల పెడ్దాం సార్. ఈసారి మూత ఏసి పెడ్దాం, ఏ బిళ్ల పడదు."

"వచ్చే ఏడాదికి అక్కడ నీళ్లుండవు రాణీ. ఎండాకాలంలోనే మట్టి మొదలుపెడతారు."

"గదెట్ల సార్! ఎంత మట్టి పోస్తే మాత్రం? సముద్రం ఎట్ల పోతది? గంత పెద్దది!"

సారు బకెట్ కింద పెట్టిండు. నడుము మీద చేతులు పెట్టుకొని నా దిక్కు చూసిండు. ఎగతాళి లేదు ఆ చూపుల.

"నువ్వెక్కడుంటావు?"

"మాసాబ్ ట్యాంక్ల సార్. మీకెరుకనే గద."

"చెరువు గట్టునా, దిగువనా?"

"ఏం చెరువు సార్? ఆడ చెరువెక్కడిది?" అన్న. అన్నంక తట్టింది, ట్యాంకంటే చెరువే గద.

పెండ్లయి వచ్చినకాడికెల్లి ఆడనే ఉంటున్న. వానకాలం ఇంట్లకు మోకాళ్ల మట్టం నీళ్లొస్తే ఏటా మున్సిపాలిటోళ్లను తిట్టుకుంట ఎత్తిపోస్తున్న. ఆ నీళ్లది అదే ఇల్లని నాకు ఎవ్వరు చెప్పలే, నేను అడగలే.